పొట్టులో రంగు, బెరడులో రంగు: నెల్లూరు, ప్రకాశం పంటల్లో మిగిలేదానికి విలువ ఎక్కడుంది?

పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర రాత్రంతా మేలుకునే రైతుకు రంగు గురించి ఎవరూ కొత్తగా పాఠం చెప్పక్కర్లేదు. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు ఆకును కర్రలకు అల్లి బ్యారన్ నింపాక, మొదటి ఒకటి రెండు రోజులు వేడిని 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంచి, తేమ బయటికి పోకుండా చూస్తారు. ఆ సమయంలోనే పచ్చటి ఆకు పసుపుకు తిరుగుతుంది. ఆ పసుపు అప్పటికప్పుడు పుట్టింది కాదు, ఆకులో మొదటినుంచీ ఉన్నదే. పైన కమ్ముకుని ఉన్న క్లోరోఫిల్ విరిగిపోయేసరికి, కింద దాగి ఉన్న కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు బయటపడతాయి. తొందరపడి మంట పెంచితే పచ్చదనం ఆకులోనే బిగుసుకుపోతుంది. మరీ ఆలస్యం చేస్తే ఆకు గోధుమ రంగుకు దిగిపోతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేదీ ఈ కారణంతోనే. ఆకులోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తాయి, ఆకులో ఉండే ఒక ఎంజైము ఆ పనిని తొందర చేస్తుంది. ఆరు గంటల తేడాతో గ్రేడు పడిపోయి, వేలంలో రేటు పడిపోయిన అనుభవం ఆ ప్రాంతంలో చాలామందికి ఉంది.

పంట వ్యర్థాల నుంచి సహజ రంగులు తీయడం గురించి మాట్లాడేటప్పుడు ఈ బ్యారన్‌ని గుర్తు పెట్టుకోవాలి. ఈ విషయం మీద చర్చ ఎక్కడ మొదలైనా వెంటనే యంత్రాల దగ్గరికి వెళ్లిపోతుంది. రంగును కరిగించి తీసే ఏ సాల్వెంటు వాడాలి, ఏ డ్రయ్యరు కొనాలి, సబ్సిడీ ఎంత అని అడుగుతారు. కానీ లాభమో నష్టమో సరుకు యంత్రం దాకా రాకముందే చాలావరకు తేలిపోతుంది. తేమ, వేడి, వెలుతురు, గాలి, వీటికి తోడు గడిచిన రోజులు. పొలంలో మిగిలింది కళ్లంలోనో గోతంలోనో ఎలా ఉందన్నదాన్ని బట్టే అందులో రంగు మిగులుతుంది. అందుకే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టాలంటే ముందు చూడాల్సింది ఎక్కువ రంగు ఉన్న పంట ఏదని కాదు. ఏ వ్యర్థం ఇప్పటికే పొడిగా, శుభ్రంగా, ఒకేచోట పోగుపడి ఉందన్నది చూడాలి. జిల్లాల గీతలు ఈమధ్య ఎన్నిసార్లు మారినా, పంటలు ఆ గీతల ప్రకారం మారవు కాబట్టి ఈ వ్యాసంలో రెండు జిల్లాలనూ, వాటిని ఆనుకుని ఉన్న ఊళ్లనూ కలిపే చూద్దాం.

గిరాకీ మాత్రం నిజంగానే పెరుగుతోంది. పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే పారిశ్రామిక రంగు కలుపుతున్నారని తేలడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ఆ మిఠాయిని నిషేధించింది. మరుసటి నెలలో కర్ణాటక పీచు మిఠాయిలోనూ గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులు వాడకూడదంది. 2025 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రెడ్ నంబర్ 3 అనే రంగుకు తిండి పదార్థాల్లో అనుమతి రద్దు చేసి, తయారీదారులకు 2027 జనవరి దాకా గడువిచ్చింది. అదే సంవత్సరం మే నెలలో మన పెరటి కంచెల మీద పాకే శంఖుపుష్పం నీలాన్ని మరికొన్ని తినుబండారాల్లో వాడుకోవచ్చంది. ఈ వార్తలు చదివి మన ఊళ్లోనూ ఏదో ఒకటి చేయొచ్చని ఉత్సాహపడటం సహజం. అయితే ఆ ఉత్సాహం తరచుగా ముందు మిర్చి మీదికి వెళ్తుంది. అక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది.

తాలు కాయలో రంగెక్కడిది?

మిర్చి ఎరుపు క్యాప్సాంథిన్ అనే కెరోటినాయిడ్ వల్ల వస్తుంది. ఇది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పోపులో ఎండుమిరపకాయ వేస్తే నూనె ఎర్రబడటం, అదే కాయను నీళ్లలో నానబెడితే నీళ్లు అంతగా ఎర్రబడకపోవడం ప్రతి వంటింట్లో చూసేదే. మిర్చి నుంచి తీసే ఓలియోరెసిన్‌కి, అంటే రంగు, కారం కలిసిన చిక్కటి సారానికి, ప్రపంచంలో పెద్ద మార్కెట్ ఉన్న మాట నిజం. ప్రకాశం జిల్లాలో మిర్చి సాగు ఎక్కువగా ఉన్న మాటా నిజం. కాబట్టి ధర పలకని తాలు కాయల నుంచి రంగు తీస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ తాలు అంటేనే తెల్లబారిన కాయ. తెగులు తగిలో, ఎండలో మాడో, వానకు తడిసో రంగు పోయింది కాబట్టే దాన్ని తాలుగా వేరుచేశారు. దాని నుంచి కారం తీయొచ్చు గానీ, పోయిన ఎరుపును తిరిగి తేలేం. పైగా కళ్లంలో రోజుల తరబడి ఎండలో పరిచిన మంచి కాయ కూడా రోజురోజుకూ కొంత రంగు కోల్పోతూనే ఉంటుంది. వెలుతురు, గాలి తగిలితే కెరోటినాయిడ్లు నిలవవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మిర్చి రంగు తీయాలంటే మామూలుగా హెక్సేన్ వంటి సాల్వెంటు వాడాలి. అది పెట్రోలులాగే భగ్గుమంటుంది. తీసిన సారంలో దాని అవశేషం పరిమితి దాటకూడదు. అంతకన్నా పెద్ద బెడద, నూనెలో కరిగే పురుగుమందులు కూడా రంగుతోపాటే సారంలోకి వచ్చేస్తాయి. కాయలో కొద్దిగా ఉన్న మందు, సారం చిక్కబడేకొద్దీ అందులో ఎక్కువవుతుంది. బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) 31 డిగ్రీలు దాటిన వేడిలో, వాతావరణానికి డెబ్బై రెట్లకు పైగా ఒత్తిడిలో వాడి, హెక్సేన్ లేకుండా తీసే పద్ధతి ఉంది, కానీ ఆ యంత్రం ఊరి సంఘం కొనగలిగేది కాదు. మిర్చి రంగు విషయంలో మన దేశం ఒకసారి దెబ్బ తిన్నది కూడా. 2003లో ఫ్రాన్స్‌లో భారత్ నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో అదే రంగు దొరికి నాలుగు వందలకు పైగా తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీయించారు. అప్పటినుంచీ మన మిర్చిని కొనేవాళ్లు పరీక్ష కాగితం లేనిదే ముందుకు రారు. మిర్చి రంగు పెద్ద ఫ్యాక్టరీల పని, దాన్ని వాళ్లకే వదిలేయడం మేలు.

పొగాకు కాడల సంగతి ఇంకా త్వరగా తేల్చేయొచ్చు. ఆకు కోశాక పొలంలో నిలబడి ఉండే కాడలు చూడటానికి దండిగా కనిపిస్తాయి గానీ, వాటి నుంచి ఏం తీసినా నికోటిన్ వెంట వస్తుంది. పొగాకు వ్యర్థాల నుంచి సొలనెసాల్ అనే పదార్థాన్ని తీస్తారు, కో-ఎంజైమ్ క్యూ10 అనే మందు తయారీకి అది పనికొస్తుంది. అది రంగు కాదు, మందుల పరిశ్రమ వ్యవహారం. వెలిగొండ ఎర్రచందనంలో శాంటలిన్ అనే చక్కటి ఎరుపు ఉంది. కానీ చట్టం కాపాడుతున్న చెట్టు అది, పొట్టు కదిలించాలన్నా పర్మిట్ కావాలి.

మిల్లు వెనక పోగులు

ఆశ పెట్టుకోదగ్గవి వేరే ఉన్నాయి. అవి చాలావరకు పొలంలో కాదు, మిల్లుల వెనక ఉన్నాయి.

వేరుశనగ పప్పు మీద ఉండే ఎర్రటి పలుచని పొర తెలుసు కదా, వేయించిన పల్లీలను అరచేతుల మధ్య నలిపి ఊదితే ఎగిరిపోయేది. పప్పు బరువులో అది సుమారు రెండున్నర, మూడు శాతం ఉంటుంది. టన్ను పప్పు పొర తీస్తే పాతిక ముప్పై కిలోల పొట్టు మిగులుతుంది. తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఆ పాతిక కిలోలే పెద్ద గోతాల్లో పోగవుతాయి. అందులో ప్రోయాంథోసయనిడిన్లు, అంటే వగరునిచ్చే టానిన్ల జాతికి చెందిన ఎరుపు గోధుమ పదార్థాలు బాగా ఉంటాయి. పప్పును వేడి చేసి పొర తీస్తారు కాబట్టి పొట్టు ఎండిపోయే బయటికి వస్తుంది. బ్యారన్ రైతు పడే టెన్షన్ ఇక్కడ ఎవరికీ లేదు.

దీన్ని చేసి చూడటం ఎవరికైనా సాధ్యమే. గుప్పెడు పొట్టును స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు పోసి సన్నని మంట మీద పెట్టాలి. ఇనప గిన్నె పనికిరాదు, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. నీళ్లు తెర్లకముందే గిన్నె అంచుల్లో ఇటుక రంగు నురుగు లేస్తుంది. ముప్పావు గంటకు పలుచని టీ డికాషన్‌లాంటి కషాయం దిగుతుంది, వాసన మాత్రం వేయించిన పల్లీలదే. దాన్ని మూడు గాజు గ్లాసుల్లో పోయాలి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే రంగు పలచబడి లేతగా అవుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే ముదిరి ఎర్రగా మారుతుంది. మూడోదాంట్లో తుప్పుపట్టిన మేకులు నానబెట్టిన పులిసిన నీళ్లు నాలుగు చుక్కలు వేస్తే, కళ్లముందే బూడిద కలిసిన నలుపుకు తిరుగుతుంది. టానిన్, ఇనుము కలిస్తే జరిగేది అదే. ఇనప గిన్నెలో కాస్తే మొదటే ఆ నలుపు వచ్చేది. కలంకారీ పనివాళ్లు తుప్పు ఇనుము, బెల్లం నీళ్లు పులియబెట్టి తీసే నల్లరంగు వెనక ఉన్న రసాయనం ఇదే. మూడు గ్లాసులకు మూడు రంగులు వచ్చాయంటే దాని అర్థం స్పష్టమే. సహజ రంగును మొక్క ఒక్కటే నిర్ణయించదు, నీళ్లలోని పులుపు, క్షారం, లోహం కలిసి నిర్ణయిస్తాయి.

ఇలాంటిదే మినప పొట్టు. ఇడ్లీకి పొట్టు మినపప్పు నానబోసి కడిగితే నల్లటి నీళ్లు వస్తాయి, రోజూ తూములో పోసేదే. ఆ నలుపులో టానిన్లతోపాటు నేరేడుపండు ఊదాకు కారణమైన ఆంథోసయనిన్ల జాతి రంగు కూడా ఉంటుంది. ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రగా, క్షారంలో నీలి ఆకుపచ్చల వైపుగా మారే సున్నితమైన రంగులు. వాటిని పులుపు కలిపిన నీళ్లలోనే తీయాలి. ఇక్కడే నిమ్మకాయ అవసరం వస్తుంది. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో ధర పడిపోయిన రోజున నిమ్మకాయలను రోడ్డు పక్కన పారబోసే దృశ్యం నెల్లూరు వాళ్లకు అలవాటైనదే. నిమ్మ తొక్కలో చెప్పుకోదగ్గ రంగు లేదు గానీ, రసంలో దాదాపు అయిదారు శాతం సిట్రిక్ ఆమ్లం ఉంది. ఒక పంట వ్యర్థంలోంచి రంగు తీయడానికి మరో పంట వ్యర్థం సాధనమవుతుంది. నెల్లూరు బియ్యం మిల్లుల ఊక కూడా అంతే. అది రంగు ఇవ్వదు, కాగే డేగిసా కింద మంట ఇస్తుంది.

జీడిపప్పు మీది పొర టానిన్‌కి పెట్టింది పేరు. తీరంలో జీడితోటలు, వేటపాలెం వైపు జీడిపప్పు పరిశ్రమ ఉండటంతో సరుకు ఒకేచోట దొరుకుతుంది. కానీ జాగ్రత్త అవసరం. జీడిగింజ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొట్టులో ఆ పెంకు ముక్కలు కలిసి ఉంటే చేతులకూ, ఆ బట్ట కట్టుకున్నవాళ్లకూ ఇబ్బంది. జల్లెడ పట్టి పెంకు పూర్తిగా ఏరకుండా వాడకూడదు.

ఇక అందరూ మరిచిపోయేది జామాయిల్ బెరడు. ప్రకాశం మెట్ట పొలాల్లో జామాయిల్, సుబాబుల్ కాగితం మిల్లుల కోసం పెంచుతారు. జామాయిల్ కొట్టిన రోజే కర్రకు బెరడు ఒలిచేస్తారు, పచ్చిగా ఉన్నప్పుడైతేనే అది పొడుగాటి పట్టీలుగా సులువుగా ఊడి వస్తుంది. కర్ర లారీ ఎక్కాక బెరడు పొలంలోనే పడి ఉంటుంది. కొన్నాళ్లకు చెదలు పడుతుంది, లేదా నిప్పు పెడతారు. ఈ బెరడులో టానిన్లు, పసుపు గోధుమ రంగులిచ్చే ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. పరిమాణంలో పొట్టులన్నిటికన్నా ఇదే ఎక్కువ. లోపమల్లా పచ్చిగా, పొలంలో చెదిరి ఉండటమే. వానకు తడిస్తే రంగు కారిపోతుంది, గుట్టగా వేస్తే బూజు పడుతుంది. ఒలిచిన రోజే నీడలో పరచడానికి ఎవరైనా కూలి చెల్లిస్తే తప్ప ఇది ముందుకు కదిలే పని కాదు.

తిండికా, బట్టకా?

ఇంతవరకు చెప్పినవన్నీ తిండి రంగులుగా అమ్మాలనుకుంటే దారి మూసుకుపోతుంది. మన దేశంలో తినే వస్తువులో ఏ రంగు కలపాలన్నా ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అనుమతించిన జాబితాలో అది ఉండాలి. సహజమైనది కాబట్టి చెల్లుతుందనుకోవడానికి లేదు. వేరుశనగ పొట్టుకు ఇంకో ప్రమాదం ఉంది. గింజకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది లివర్‌ను దెబ్బతీస్తుంది, కాగబెట్టినా సులువుగా పోదు. ల్యాబ్ పరీక్ష లేకుండా ఆ పొట్టు సారాన్ని బిస్కెట్‌లోనో ఐస్‌క్రీంలోనో కలిపే ఆలోచనే చేయకూడదు. ఈ విషయంలో రాజీ ఉండదు.

బట్ట సంగతి వేరు. తిండి రంగుకు కషాయాన్ని వడగట్టి, తక్కువ వేడిలో చిక్కబరిచి, స్ప్రే డ్రయ్యర్లో పొడి చేసి, సీసాలో నిలవ ఉండేలా చూడాలి. ఖర్చంతా అక్కడే. అద్దకానికి ఆ మెట్లేవీ అక్కర్లేదు. కషాయం వేడిగా ఉండగానే నూలు అందులో ముంచవచ్చు. పెట్టుబడి పెద్ద స్టీలు డేగిసా, వడకట్టే గుడ్డ, తూకం, థర్మామీటర్ దగ్గర ఆగిపోతుంది.

ఇందులో ఇంకో మేలు దాగి ఉంది. పత్తి నూలుకు సహజ రంగు ఊరికే అంటదు. ఉన్ని, పట్టు జంతువుల నుంచి వచ్చే ప్రోటీన్లు కాబట్టి, రంగును అంటి ఉంచే పటికను పట్టుకుంటాయి, పత్తి పట్టుకోదు. అందుకే కలంకారీలో బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడుపుతారు. కరక్కాయలోని టానిన్ పత్తికి అంటుకుని, పటికకు పట్టు దొరికేలా చేస్తుంది. వేరుశనగ పొట్టు, జీడిపొర, జామాయిల్ బెరడు మూడింటిలోనూ ఉన్నది ఆ టానినే. అంటే రంగూ అవే ఇస్తాయి, ఆ రంగును నిలబెట్టే ఆధారమూ అవే ఇస్తాయి. పత్తి చీరలు నేసే ప్రాంతానికి ఇంతకన్నా సరిపోయే వ్యర్థం దొరకదు. కోవూరు దగ్గర పాటూరు, ఇటు వెంకటగిరి, అటు చీరాల మూడూ చేరువలోనే ఉన్నాయి.

లెక్క కూడా కుదురుతుంది. ఇలాంటి పొట్టులతో అద్దేటప్పుడు నూలు ఎంత బరువో పొట్టు కూడా అంతే తీసుకోవడం మామూలు లెక్క. పాతిక కిలోల పొట్టు పాతిక కిలోల నూలుకు సరిపోతుంది. పత్తి చీర అరకిలో ఉంటుందనుకుంటే యాభై చీరలు. టన్ను పప్పు ఆడించిన ఒక మిల్లు ఒక రోజు మిగిల్చిన పొట్టు చిన్న నేత సంఘానికి ఒక విడత పని ఇస్తుంది. తిండి రంగుల కంపెనీకి ఆ పాతిక కిలోలు ఒక మూలకు రావు. చిన్న మొత్తం ఎవరికి సరిపోతుందో వాళ్లకే అమ్మడం తెలివైన పని.

అయితే ఈ రంగుల గురించి నేతగాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇవి గోధుమ, లేత ఇటుక, బూడిద, మట్టి పసుపు రంగులు. కనకాంబరం రంగు, నెమలికంఠం వీటిలో రావు. మినప పొట్టులోని ఊదా రంగు ఎండకు నిలవదు, టానిన్ గోధుమలు మాత్రం గట్టివి. ఒకప్పుడు ఈ కోరమండల్ తీరపు ఇసుక నేలల్లో తవ్వితీసిన చిరివేరు ఎరుపు లోకమంతా మెచ్చుకుంది, నెల్లూరు జిల్లాలో నీలిమందు పంట పెద్దయెత్తున వేశారు. 1868లో చిరివేరులోని అలిజరిన్ అనే ఎర్ర రంగును జర్మనీలో కృత్రిమంగా తయారుచేశారు, 1897లో కృత్రిమ నీలి మార్కెట్‌కి వచ్చింది. ఆ తర్వాత ఆ పైర్లు పొలాల్లోంచి మాయమయ్యాయి. చవక ఒక్కటే కారణం కాదు. కృత్రిమ రంగు ఈ రోజు ఎలా ఉందో వచ్చే ఏడాదీ అలాగే ఉంటుంది. సహజ రంగు అలా ఉండదు, ఊరు మారితేనే మారిపోతుంది.

ఊరు మారితే మారడం మాటవరసకు అన్నది కాదు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద అందరికీ తెలిసిందే. అదే బోర్లలో ఉప్పదనం, సున్నపు గట్టితనం కూడా ఉంటే కాల్షియం టానిన్‌తో కలిసి కషాయం విరిగిపోతుంది, నూలు మీద మచ్చలు పడతాయి. ఇనుము కలిసిన నీళ్లయితే గోధుమ కాస్తా బూడిదవుతుంది. అదే పొట్టు వాన నీళ్లలో కాస్తే తేటగా వస్తుంది. కాబట్టి అద్దకం గది పైకప్పు మీద పడ్డ వాన నీళ్లను తొట్టెలో పట్టుకోవడం, ప్రతి విడతకూ ఒకే నీళ్లు వాడటం సామాన్యమైన పనుల్లా కనిపిస్తాయి గానీ, ఆర్డర్ నిలబడాలంటే అవే ముఖ్యం.

సహజ రంగు అయినంత మాత్రాన వ్యర్థ నీళ్లు ఉండవనుకోవడం కూడా తప్పు. టానిన్ కషాయం కాలవలో కలిస్తే నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, చేపలు చస్తాయి. రొయ్యల చెరువుల నీళ్లు అదే కాలవల నుంచి వచ్చే చోట ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. మెరుపు కోసం రాగి, క్రోమియం లవణాలు వాడమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకూడదు. పటిక, ఇనుము రెండూ చాలు. మిగిలిన కషాయాన్ని పారబోయకుండా మరుసటి విడతకు వాడుకోవచ్చు, చివరికి సున్నం కలిపి పేరబెట్టి తేట నీటిని వేరుచేయొచ్చు.

ఇంకా ఒక పాత హక్కుదారు ఉన్నాడు. మినప పొట్టు, వేరుశనగ పొట్టు ఎవరూ ముట్టని చెత్త ఏమీ కాదు, అవి పశువుల దాణాలోకి వెళ్తున్నాయి. ఒంగోలు గిత్తలను మేపే జిల్లాలో దాణా ధర పెంచే పని ఏది చేసినా పాడి రైతు మీద పడుతుంది. నీళ్లతో మాత్రమే రంగు తీస్తే మిగిలిన పిప్పిలో పటిక, ఇనుము ఏవీ చేరవు, అవి నూలుకు వేరే తొట్టెలో పట్టిస్తారు కాబట్టి. టానిన్ తగ్గిన ఆ పిప్పిని బాగా ఎండబెట్టి, బూజు లేదని చూసుకుని, పశువైద్యుడి సలహాతో మళ్లీ దాణాకు పంపొచ్చు. సాల్వెంటు వాడితే ఆ దారి ఉండదు. నీళ్ల పద్ధతి వైపు మొగ్గడానికి ఇది ఒక్కటే కారణమైనా సరిపోతుంది.

ముందుగా కావాల్సింది మిల్లుకు దగ్గర్లో నేల మీంచి ఎత్తుగా పలకలు వేసిన చిన్న షెడ్డు. వచ్చిన ప్రతి గోతం మీద ఊరు, తేదీ, తేమ శాతం రాసిన చీటీ ఉండాలి, పది శాతం తేమ దాటిన సరుకును లోపలికి రానివ్వకూడదు. ఆ పొట్టుతో అద్దిన మొదటి చిలపను (నూలు కట్టను) మగ్గానికి పంపేముందు, దానితోపాటే అద్దిన అరచేతి వెడల్పు గుడ్డ ముక్క ఒకటి పక్కకు తీసి, సగం అట్టతో కప్పి, పదిరోజులు మేడమీద ఎండలో ఉంచాలి. మరో ముక్కను తెల్లగుడ్డకు కలిపి కుట్టి సబ్బు నీళ్లలో అయిదుసార్లు ఉతకాలి. అట్ట తీసినప్పుడు ఎండ సగానికీ, నీడ సగానికీ మధ్య గీత ఎంత కనబడుతుందో, తెల్లగుడ్డకు ఎంత రంగు అంటిందో కొనేవాళ్లకు చూపించి, చీర ధర ఆ తర్వాతే మాట్లాడుకోవాలి.